విశ్రాంతిదినమును ఆరని కొలిమియు

పాఠ్యభాగములు: మార్కు 2:23–3:6; సంఖ్యాకాండము 9:6-13; ద్వితీయోపదేశకాండము 5:12-15

జంషెద్‌పూరులోని సీతారాండేరా మొదలైన వాడలలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. వారి పెద్దలలో పలువురు ఉత్తరాంధ్ర ప్రాంతమునుండి ఉక్కు కర్మాగారములో పని వెదకికొనుచు వచ్చినవారు. 1907లో స్థాపింపబడిన టాటా కంపెనీ 1912లో అచ్చట ఉక్కు తీయ నారంభించెను. ఇనుము కరగించు బ్లాస్ట్ ఫర్నేసు ఆదివారమని ఆగదు. తగిన ఏర్పాటు లేక గాలి ఆపినయెడల కరగిన ఇనుము లోపలనే గడ్డకట్టును. కోక్ ఓవెన్లు చల్లారినయెడల వాటి ఇటుకలు పగులును. కనుక మూడు షిఫ్టులలో ఎవరో ఒకరు అన్ని దినములును అచ్చట నిలువవలసినదే.

ఇట్టి స్థలమందలి ఒక సంఘమును తలంచుకొందము. కోక్ ఓవెన్లలో పనిచేయు ఒక విశ్వాసిని సంఘపెద్దగా ఎన్నుకొనవలెనని కొందరు కోరిరి. షిఫ్టుల వరుసనుబట్టి కొన్ని ఆదివారములు అతడు ఉదయము 6 గంటలకే పనిలో నుండును. అంతట ఒకరు లేచి, “విశ్రాంతిదినమును మీరువాడు మందకు మాదిరి ఎట్లగును?” అని అడిగిరి. అడిగినవారు దుర్బుద్ధితో అడుగలేదు. దేవుని ఆజ్ఞ తేలికైపోవునని భయపడిరి. ఈ భయమునకు లేఖనము ఏమి ప్రత్యుత్తరమిచ్చుచున్నది?

1. ఆజ్ఞ ఎవరి నిమిత్తము?

నిర్గమకాండము 20వ అధ్యాయములో ఈ ఆజ్ఞకు సృష్టి ఆధారముగా చూపబడినది. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో మరియొక కారణము కలదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులై యుండిరి గనుక, వారి దాసుడును దాసియు వారివలెనే విశ్రమింపవలెను. ఇటుకల లెక్క తగ్గనియ్యని ఫరో చేతిక్రింద నలిగిన జనులకు దేవుడిచ్చిన మొదటి వరములలో ఇది యొకటి. అనగా ఈ ఆజ్ఞ పనివాని పక్షమున ఇయ్యబడినది. దానిని పనివాని మీదనే ఆయుధముగా ఎత్తుట ఎంత విపరీతము!

2. కంచె పొలమును మ్రింగినప్పుడు

ఆజ్ఞను మీరకుండునట్లు దాని చుట్టు కంచె వేయుట యూదా బోధకుల ఉద్దేశము. విశ్రాంతిదినమున చేయరాని పనులను మిష్నా 39 తరగతులుగా ఎంచినది. కోత కోయుట వాటిలో నొకటి. ఆకలిగొన్న శిష్యులు వెన్నులు త్రుంచగా పరిసయ్యులు అభ్యంతరపడినది ఇందుచేతనే. పొరుగువాని చేలో వెన్నులు త్రుంచుట దొంగతనము కాదని ద్వితీయోపదేశకాండము 23:25 తెలుపుచున్నది గనుక వారి అభ్యంతరమెల్ల దినమును గూర్చియే.

ఈ ప్రశ్న యూదులకు క్రొత్తది కాదు. క్రీ.పూ. 2వ శతాబ్దములో, విశ్రాంతిదినమున తమ్ము కాపాడుకొనక సుమారు వెయ్యిమంది హతులైరని మక్కబీయుల మొదటి గ్రంథము చెప్పుచున్నది. దాని తరువాత మత్తతీయయు అతని వారును ఆ దినమునైనను ప్రాణరక్షణకై పోరాడవలెనని నిశ్చయించుకొనిరి. ప్రాణమును కాపాడుట ఆజ్ఞకు విరోధము కాదని వారు గ్రహించిరి.

మన ప్రభువు దావీదు సముఖపు రొట్టెలు తినిన సంగతిని చూపెను. విశ్రాంతిదినమున దేవాలయములో పనిచేయు యాజకులు నిర్దోషులని మత్తయి 12:5లో జ్ఞాపకము చేసెను. అటుపిమ్మట ఊచచెయ్యి గలవానిని స్వస్థపరచెను. స్వస్థపరచుట తప్పని యెంచినవారే వెలుపలికి పోయి, ఆయనను చంపుటకు హేరోదీయులతో ఆలోచన చేసిరి. అక్షరమును కాపాడుచు ఆజ్ఞ యొక్క ప్రాణమును తీయుట ఇట్లే జరుగును.

3. ధర్మశాస్త్రములోనే కనికరపు ద్వారము

సంఖ్యాకాండము 9వ అధ్యాయములో కొందరు శవమును ముట్టినందున పస్కాను నియమితకాలమున ఆచరింపలేకపోయిరి. వారు మోషే యొద్దకు వచ్చి, తామెందుకు అడ్డగింపబడవలెనని అడిగిరి. దేవుడు వారిని గద్దింపలేదు. రెండవ నెల 14వ దినమున ఆచరించుటకు వారికిని, దూరప్రయాణములో నుండువారికిని సెలవిచ్చెను. పండుగ కొట్టివేయబడలేదు, మనుష్యుడును వెలివేయబడలేదు. దేశపు శాసనము కూడ ఇట్టి న్యాయమునే యెరిగినది. 1948 నాటి కర్మాగారముల చట్టము, ఆదివారము పనిచేయువానికి దానికి ముందైనను వెనుకైనను మూడు దినములలోగా మరియొక సెలవు ఇయ్యవలెనని విధించెను.

ఆదిమ సంఘమునకు ఆదివారము సెలవుదినము కాదనుటయు మరువరాదు. అనేకులు దాసులు; త్రోయలో సంఘము రాత్రివేళ కూడెను (అపొ. కార్య. 20:7). రోమా చక్రవర్తి కాన్‌స్టంటైను ఆదివారపు విశ్రాంతిని శాసించినది 321లో మాత్రమే. అప్పుడును సేద్యగాండ్రకు పొలముపని అనుమతింపబడెను. ఆదివారము పనిచేయువారు విశ్వాసులు కారనినయెడల, మొదటి మూడు శతాబ్దముల పరిశుద్ధులలో పలువురిని త్రోసివేయవలసివచ్చును.

4. స్వాతంత్ర్యము అలక్ష్యము కాదు

అయితే అదే అధ్యాయములోని 13వ వచనము తీవ్రమైనది. ఏ ఆటంకమును లేకయే పస్కాను మానినవాడు జనులలోనుండి కొట్టివేయబడవలెను. అవసరము వేరు, ఆశ వేరు. వరుసనుబట్టి వచ్చిన షిఫ్టు ఒకటి; అధిక వేతనమునకై ప్రతి ఆదివారము కోరి తెచ్చుకొను ఓవర్‌టైము మరియొకటి. వారములో సెలవు దొరికిన దినమున కూడ వాక్యమును తెరువనివాడు, “నేను ఆత్మను అనుసరించుచున్నాను” అని చెప్పుకొనుట వట్టిమాట. కనుక ఆ విశ్వాసిని అడుగవలసిన ప్రశ్న, “ఏ దినమున రాలేదు?” అని కాదు, “సెలవు దొరికిన దినమును ఎవనికి అర్పించుచున్నావు?” అనియే.

ప్రశ్నించినవారు తమ్మునుతాము పరీక్షించుకొనవలెను. ఆరాధనలో వెలుగు దీపమును తిరుగు పంకాయు విద్యుత్కేంద్రములో ఎవరో చేయు ఆదివారపు పనివలననే కలుగుచున్నవి. ఇంటిలో అంట్లు తోము పనిమనిషికి వారములో ఒక దినమైనను విశ్రాంతి కలదా? ఆజ్ఞలో ఆమె పేరు లేదు గాని, దాసి అను మాట స్పష్టముగా నున్నది.

ఇట్టి సంఘము చేయదగినది, ఆజ్ఞను సడలించుట కాదు, ద్వారమును తెరచుట. రాత్రి షిఫ్టు ముగించి వచ్చువారికొరకు సాయంకాలపు ఆరాధనను, వారము మధ్యలో ప్రభురాత్రి భోజనమును ఏర్పరచినయెడల, అది మోషే నాటి రెండవ నెల పస్కావంటిదగును. అప్పుడు కొలిమియొద్ద నిలిచినవాడును సంఘపు బల్లయొద్ద తన స్థలమును కనుగొనును.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. మీ సంఘములో పనివేళల మూలముగా వెలుపల నిలిచిపోయినవారెవరు? వారికొరకు ఏ ఏర్పాటు చేయవచ్చును?
2. మీరు అవసరమని చెప్పుకొనుచున్న వాటిలో ఆశవలన కలిగినది ఏది?
3. మీ విశ్రాంతి కొరకు విశ్రాంతి కోల్పోవుచున్నవారు మీ యింటిలో నున్నారా?