చారిత్రక గృహాలలో స్వచ్ఛంద సేవ

ముంబయి మహానగరంలోని గాందేవి ప్రాంతంలో, లాబర్నమ్ రోడ్డు మీద మణిభవన్ అనే పాత మేడ ఉన్నది. అది గాంధీజీ మిత్రులైన రేవాశంకర్ జగ్‌జీవన్ ఝవేరీ గారిది. 1917 నుండి 1934 వరకు గాంధీజీ బొంబాయి వచ్చినప్పుడెల్లా ఆ ఇంటనే బస చేసేవారు. 1955లో గాంధీ స్మారక నిధి ఆ గృహాన్ని స్వీకరించి జాతీయ స్మారకంగా తీర్చిదిద్దింది. క్రింది అంతస్తులో గ్రంథాలయం, పైన ఛాయాచిత్రాలు, జీవితఘట్టాలను చూపే బొమ్మల దృశ్యాలు, గాంధీజీ నివసించిన గది, అందులో పరుపు, రాట్నాలు. చూడవచ్చినవారు సాధారణంగా అరగంటలో అన్నీ చూసి బయటికి వస్తారు. ఆ అరగంటలో వారికి ఏమి అందుతుందన్నది చాలావరకు ఆ గదుల వద్ద నిలబడి మాట్లాడే మనిషిని బట్టి ఉంటుంది.

సాధారణమైన ప్రదర్శనశాలకూ, చారిత్రక గృహానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ప్రదర్శనశాలలోని వస్తువు తన చోటు విడిచి వచ్చినది. గృహంలో అది తన చోటనే ఉన్నది. ఇదే ఆ గృహానికి గల ఆకర్షణ, ఇదే దానికి కష్టం కూడా. ఇల్లు ఒక కుటుంబం కాపురముండడానికి కట్టినది గాని, దినమూ వందలాది జనం మెట్లెక్కి దిగడానికి కట్టినది కాదు. గాలికీ వెలుతురుకూ పెట్టిన కిటికీలే గోడమీది చిత్రపటాలకు శత్రువులు. జీతం పుచ్చుకునే సిబ్బంది ఇటువంటి సంస్థలలో తక్కువగానే ఉంటారు. ఆ లోటును తీర్చేవారు స్వచ్ఛంద సేవకులు.

ఈ సేవకు చరిత్ర కూడా ఉన్నది. అమెరికాలో జార్జి వాషింగ్టన్ నివసించిన మౌంట్ వెర్నన్ గృహం శిథిలమైపోతున్న కాలంలో, ప్రభుత్వం కొనడానికి ముందుకు రాలేదు. 1853లో ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అనే మహిళ పూనుకొని ఒక మహిళా సంఘాన్ని స్థాపించారు. వారు దేశమంతటా చందాలు పోగుచేసి, రెండు లక్షల డాలర్లకు 1858లో కొనుగోలు ఒప్పందం చేసుకున్నారు. నేటికీ ఆ గృహం ఆ సంఘం అధీనంలోనే ఉన్నది. ఐతే అక్కడి కథనం చాలాకాలం వాషింగ్టన్ దంపతుల వైభవంతోనే ముగిసేది. 1799లో ఆ ఎస్టేటులో మూడువందలమందికి పైగా బానిసలు పనిచేసేవారన్న సంగతి సందర్శకులకు వివరంగా చెప్పడం తరువాతి తరాలవారు మొదలుపెట్టిన పని. ఇంటిని కాపాడడం ఒక ఎత్తు, ఆ ఇంటిని గురించి ఉన్నదున్నట్లు చెప్పడం మరొక ఎత్తు.

'స్వచ్ఛందం' అన్న మాటకు తన ఇష్టప్రకారం నడుచుకోవడమని అర్థం. కాని చారిత్రక గృహంలో అడుగుపెట్టిన సేవకుడు మొట్టమొదట వదులుకోవలసినది తన ఇష్టాన్నే. ఉత్సాహవంతుడైన యువకుడు తడిగుడ్డ తీసుకొని పాత కొయ్యపెట్టెను తళతళలాడేట్లు తుడిచినాడంటే, నూరేళ్ల మెరుగు ఒక్క పూటలో పోవచ్చును. అక్కడ దుమ్ము దులపడానికి వాడవలసినది పొడి మెత్తని కుంచె. కుర్చీని చేతులు పట్టి ఎత్తరాదు, కూర్చునే పలక క్రింద రెండు చేతులూ పెట్టి ఎత్తవలెను. పాత కాగితాల దగ్గర కలం పనికిరాదు, పెన్సిలుతోనే వ్రాసుకోవలెను. వెలుతురు వల్ల కలిగే నష్టం ఏ రోజుకారోజు తీరిపోయేది కాదు, అది పోగుపడుతూ ఉంటుంది. అందుచేతనే కాగితానికీ, అద్దకపు బట్టకూ 50 లక్సులకు మించిన వెలుగు తగలకూడదని నిపుణులు నియమం పెట్టినారు. ముంబయి వంటి సముద్రతీర నగరంలో వానకాలం మరింత గడ్డుకాలం. గదిలోని గాలితేమ నూటికి 65 పాళ్లు దాటి కొన్నాళ్లు నిలిచినదంటే పుస్తకాల అట్టలపై బూజు పడుతుంది. తేమను కొలిచే పరికరాన్ని దినమూ చూసి అంకె వ్రాసిపెట్టడం, అలమారు వెనుక చెదలు పట్టిందేమో వంగి చూడడం, ప్రతి వస్తువుకూ ఇచ్చిన సంఖ్యను పట్టికతో సరిచూడడం. వినడానికి ఇవి చాలా చిన్న పనులు. సంఖ్య చెరిగిపోయిన వస్తువు మాత్రం కొన్నేళ్లలో ఎవరిదో, ఎక్కడిదో తెలియని వస్తువుగా మారిపోతుంది.

చేతితో చేసే పనికంటె నోటితో చేసే పని కష్టమైనది. మణిభవన్ రెండవ అంతస్తులోని రాట్నాన్ని చూపి 'ఇది గాంధీజీ రాట్నం' అని చెప్పి ముందుకు సాగిపోవచ్చు. ఆ ఇంటిలోనే ఆయన దూది ఏకడం నేర్చుకున్నారనీ, జబ్బుపడి మంచాన ఉన్న రోజులలో రాట్నపు సవ్వడి తనకు స్వస్థత కలిగించినదని ఆత్మకథలో వ్రాసుకున్నారనీ చెప్పినప్పుడు, దూదేకులవాని ఏకులను ఎరిగిన పల్లెటూరి పిల్లలు దగ్గరికి జరుగుతారు. పాలు ముట్టనని వ్రతం పట్టిన ఆయన 1919లో కస్తూరిబా మాటపై మేకపాలు పుచ్చుకున్నది కూడా ఆ ఇంటనే. వ్రతం చేసినప్పుడు తన మనస్సులో ఉన్నవి ఆవు, గేదె పాలేనని సమాధానపడినా, వ్రతంలోని అక్షరాన్ని నిలిపి ఆత్మను పోగొట్టుకున్నానని ఆయనే ఒప్పుకున్నారు. ఈ సంగతిని దాచిపెట్టి మహాత్ముని మహిమను మాత్రమే చెప్పే సేవకుడు ఆయనకు చేసే ఉపకారం ఏమీ లేదు.

అన్నిటికంటె కఠినమైనది 1921 నవంబరు కథ. ఆ నెల 17వ తేదీన వేల్సు యువరాజు బొంబాయిలో దిగినాడు. సహాయ నిరాకరణోద్యమం జరుగుతున్న ఆ రోజులలో స్వాగత బహిష్కారానికి పిలుపు వచ్చింది. ఐతే బహిష్కరించినవారిలో కొందరు, స్వాగతానికి వెళ్లివస్తున్న పార్సీలపైనా, క్రైస్తవులపైనా దాడి చేసినారు. ప్రతిదాడులు జరిగినవి. యాభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. తన పేరు చెప్పుకొనే జనమే ఈ పని చేసినందుకు గాంధీజీ 19వ తేదీన మణిభవన్‌లో ఉపవాసం పూనినారు. నాలుగవనాడు, అన్ని మతాల పెద్దలూ కలిసివచ్చి నగరం శాంతించినదని చెప్పిన మీదటనే దానిని విరమించినారు.

ఈ కథను చెప్పేటప్పుడు ఎదుట నిలిచిన విద్యార్థులలో హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు అందరూ ఉండవచ్చు. తప్పు చేసినది ఎవరో చెప్పక ఉపవాసాన్ని మాత్రమే చెబితే అది పురాణకథ అవుతుంది. తప్పును మాత్రమే నొక్కిచెబితే ఆ పిల్లలలో ఒకడు తలవంచుకుంటాడు, మరొకడు పిడికిలి బిగిస్తాడు. అనుభవజ్ఞుడైన సేవకుడు తేదీలను, జరిగినదానిని తడబడకుండా చెప్పి, తన తీర్పును తనలోనే ఉంచుకొని ప్రశ్నలకు చోటిస్తాడు. తనకు తెలియనిదానికి 'గ్రంథాలయంలో చూసి చెబుతాను' అంటాడు. మణిభవన్‌లో ఆ గ్రంథాలయం మెట్లు దిగితే చాలు!

డాబా మీదికి వెళ్లినవారికి చెప్పవలసినది కొద్దిమాటలలోనే చెప్పవచ్చు. 1932 జనవరి 4వ తేదీన, ఇంకా తెల్లవారకముందే, అక్కడి గుడారంలో నిద్రిస్తున్న గాంధీజీని పోలీసులు నిర్బంధించినారు. 1959లో భారతదేశానికి వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ కూడా ఈ ఇంటిలో బస చేసినారు.

తెలుగునాట కూడా ఇటువంటి గృహాలకు లోటు లేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారి ఇల్లు, హైదరాబాదులో సరోజినీనాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ ఉన్నవి. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం తన తొలినాళ్ల తరగతులను ఈ రెండవ ఇంటిలోనే నడిపింది. కళాశాల విద్యార్థి ఎవరైనా తన ఊరికి దగ్గరలోని ఇటువంటి గృహపు నిర్వాహకులను కలిసి, వారానికి ఒక పూట ఇవ్వగలనని చెప్పవచ్చు. మొదటి రోజుననే సందర్శకుల ముందు నిలబెడతారని మాత్రం అనుకోరాదు. బహుశా ఒక పాత పట్టికనూ, పెన్సిలునూ చేతికిచ్చి, వెనుకగదిలోని వస్తువులను ఒక్కొక్కటిగా లెక్కచూడమంటారు.