తీసిన పుట్టుమచ్చ మరల వచ్చినచో

పుట్టుమచ్చ లేని మనిషి అరుదు. పదవ తరగతి ధ్రువపత్రమున గుర్తింపు చిహ్నములుగా మనము వ్రాయించునవి తరచుగా ఇవియే. ఏ చోటనున్న మచ్చకు ఏ ఫలమో చెప్పు పెద్దలు గ్రామములలో నేటికిని కలరు. అయినను ముఖమున ఎబ్బెట్టుగానున్నదనియో, గడ్డము గీచుకొనునపుడు తెగుచున్నదనియో, గనిలో పనిచేయునపుడు నడుము పట్టీ ఒరయుచున్నదనియో కొందరు దానిని తీయించుకొందురు. కొన్ని నెలలకు అదేచోట మరల నలుపు కనబడును. అపుడు కొందరు దానిని లెక్కచేయరు. కొందరు కాన్సరని భయపడుదురు. రామగుండము, గోదావరిఖని ప్రాంతపు సోదర సోదరీమణులు ఈ రెండు పొరపాట్లకును లోనుగాకుండుటకై ఈ విషయమును వివరించుచున్నాము.

మచ్చ మరల ఏల వచ్చును?

చర్మమునకు రంగునిచ్చు కణములు ఒకచోట గుంపుగా చేరుటచే పుట్టుమచ్చ ఏర్పడును. వానిలో కొన్ని పైపొరలోను, కొన్ని లోతుగా వెంట్రుకల కుదుళ్ల చెంతను ఉండును. పైపైన గీకినను, కాల్చినను, లేజరు కిరణములతో మాడ్చినను లోపలి కణములు మిగిలిపోవచ్చును. గాయము మానునపుడు అవి మరల పైకి వచ్చి రంగు పుట్టించును. సాధారణముగా ఇది ఆరునెలలలోపల జరుగును. నలుపు గాయపు మచ్చ హద్దులోనే ఉండును. ఇట్టి వానిలో అధిక భాగము హానిలేనివి.

పోలికచే మోసపోరాదు

పులిపిరి వేరు, పుట్టుమచ్చ వేరు. పులిపిరికి కారణము వైరసు. అది మరల వచ్చుటకు కారణమును వేరు. బొగ్గుగనుల ప్రాంతమున మరియొకటి కలదు. గాయములో బొగ్గుపొడి చిక్కుకొని, పైన చర్మము మూసికొన్నచో నీలినలుపు చార నిలిచిపోవును. ఇది అనేక దేశముల గని కార్మికులలో కనబడునదే. గాయము మానిననాటినుండి అది ఒకే తీరున ఉండును, పెరుగదు. అయినను ఇది బొగ్గు గుర్తేయని ఎవరికి వారు నిర్ణయించుకొనరాదు.

ఇద్దరు కార్మికుల కథ

ఇద్దరు కార్మికులు వీపుమీది మచ్చలను తీయించుకొనిరనుకొందము. మొదటివాని మచ్చను వైద్యుడు కోసి, ఆ ముక్కను సూక్ష్మదర్శిని పరీక్షకు పంపెను. హానిలేనిదని వచ్చిన నివేదికను అతడు దాచుకొనెను. రెండవవాడు సున్నము, చాకలిసోడా కలిపి పూయించుకొని మచ్చను కాల్పించుకొనెను. నాలుగు నెలలకు ఇద్దరికిని నలుపు మరల వచ్చెను.

మొదటివాని నివేదిక చూచి, నలుపు గాయపు హద్దు దాటలేదని గమనించి, వైద్యుడు కనిపెట్టి చూచుట చాలునని చెప్పగలడు. రెండవవాని విషయమున మొదటి మచ్చ ఎట్టిదో చెప్పుటకు ఆధారమే లేదు. అది మెలనోమా అను చర్మపు కాన్సరై యుండినచో నాలుగు నెలల విలువైన కాలము వృథాయైనది.

మరియొక చిక్కు కలదు. మరల వచ్చిన సాధారణ మచ్చకూడ సూక్ష్మదర్శిని క్రింద మెలనోమావలె తోచవచ్చును. అందుచేతనే 1975లో కోర్న్‌బర్గ్, ఆకర్‌మన్ అను అమెరికా వైద్యులు దీనిని మిథ్యా మెలనోమాయని వర్ణించిరి. కావున రెండవ ముక్కను పరీక్షించువారికి మొదటి చికిత్స సంగతి తప్పక తెలుపవలెను. మొదటి ముక్కను ప్రయోగశాలలో మైనపు దిమ్మెగా భద్రపరతురు. నివేదికపైని సంఖ్య ఉన్నచో దానిని మరల రప్పించి పోల్చి చూడవచ్చును.

ఆలస్యము చేయరాని లక్షణములు

1. నలుపు గాయపు హద్దును దాటి చుట్టునున్న చర్మములోనికి ప్రాకుట.
2. నెలనెలకు పెరుగుట, లేక ఎన్నో ఏండ్ల తరువాత క్రొత్తగా కనబడుట.
3. అంచులు వంకరగానుండుట, ఒకే మచ్చలో పలురంగులు కనబడుట.
4. రక్తము కారుట, పుండు పడుట, గడ్డవలె లేచుట.
5. చంకలోగాని గజ్జలోగాని బిళ్లలు కట్టుట.

మన దేశమున మెలనోమా అరుదైన వ్యాధి. వచ్చినచో తరచుగా అరికాలు, అరచేయి, గోటిక్రింద వచ్చును. దినమంతయు బూట్లలోనుండు పాదములను స్నానవేళ చూచుకొనుట మంచిది.

చేయవలసిన పని

మొదటి నివేదిక మంచిదై, నలుపు హద్దులోనే ఉన్నచో వైద్యుని సలహాపై కనిపెట్టి చూడవచ్చును. ప్రక్కన కొలబద్ద నుంచి నెలకొకసారి ఫోటో తీసిన మార్పు తెలియును. నివేదిక లేకున్నను, అందు అనుమానము వ్రాసియున్నను, పై లక్షణములలో ఏదియున్నను పాత గాయపు మచ్చతో సహా పూర్తి లోతున కోయించి పరీక్షకు పంపవలెను. మరల కాల్పించుట, లేజరు పెట్టించుట కూడదు. అట్లు చేసినచో పరీక్షింపదగిన ముక్కయే మిగులదు.

సింగరేణి కార్మికులకు గోదావరిఖనిలో సంస్థ ఆసుపత్రి కలదు. రామగుండమున 2022లో వైద్యకళాశాల ప్రారంభమైనది. కాన్సరని తేలినవారికి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి కలదు. ఎచ్చట తీయించుకొన్నను, "ముక్కను పరీక్షకు పంపుడు" అని అడుగుటకు సంకోచింపవలదు. ఆ నివేదికను భూమి పట్టాతోపాటు భద్రముగా దాచుకొనుడు. రేపు మచ్చ మరల వచ్చినపుడు వైద్యునికి దారి చూపునది ఆ కాగితమే.