రక్తవర్గములు – ఎవరి రక్తము ఎవరికి సరిపోవును?

“వెంటనే రెండు బాటిళ్ల రక్తము కావలెను” అని వైద్యులు చెప్పగానే ఇంటిల్లిపాదికీ కాళ్లు చేతులు ఆడవు. అన్నదమ్ములు, బావమరదులు అందరును చేతులు చాచి “నా రక్తము తీసికొనండి” అని ముందుకు వచ్చెదరు. ప్రేమ ఉన్నంత మాత్రమున రక్తము కలియదు. తల్లి రక్తము కన్నబిడ్డకు సరిపోకపోవచ్చును. ముక్కుమొగము తెలియని వాని రక్తము చక్కగా సరిపోవచ్చును. ఆ గడియ వచ్చిన తరువాత నేర్చుకొనుట కంటె, తీరికగా ఉన్నప్పుడే ఈ విషయమును తెలిసికొనుట మేలు.

సప్తధాతువులలో రసము తరువాత రెండవది రక్తము. దేహమునకు మూలము రక్తమేనని సుశ్రుతాచార్యుడు భావించెను. అయితే ఒకరి రక్తమును మరొకరి నాళములలోనికి ఎక్కించు విద్య ఆధునిక వైద్యము ప్రసాదించినది. అదియు తేలికగా రాలేదు. 1667లో ఫ్రాన్సు దేశమున డెనీ అను వైద్యుడు గొర్రెపిల్ల రక్తమును మనిషికి ఎక్కించెను. తరువాత అట్టి చికిత్స పొందిన ఒక రోగి మరణింపగా ఆ ప్రయత్నము నిషేధింపబడినది. 1818లో లండనులో బ్లండెల్ అను వైద్యుడు మనిషి రక్తమునే మనిషికి ఎక్కించుట ఆరంభించెను. కొందరు బ్రతికిరి, కొందరు చనిపోయిరి. ఎందుకో ఎవరికిని తెలియలేదు.

ఆ చిక్కుముడిని విప్పినవాడు వియన్నా నగరమునకు చెందిన కార్ల్ లాండ్‌స్టైనర్. ఆయన తన రక్తమును, తన సహచరుల రక్తమును తీసి, ఒకరి ఎర్రకణములను మరొకరి సీరముతో కలిపి చూచెను. కొన్ని జతలు హాయిగా కలిసిపోయినవి. కొన్ని విరిగిన పాల వలె గడ్డలు గడ్డలుగా ఉండ కట్టినవి. 1901లో ఆయన ఈ ఫలితములను ప్రకటించెను. మరుసటి సంవత్సరమే ఇతర పరిశోధకులు నాల్గవ వర్గమైన ఏబీని కనుగొనిరి. ఆయనకు 1930లో నోబెల్ బహుమతి లభించినది.

ఇందలి కిటుకు ఇది. ఎర్రకణముల పైపొర మీద ‘ఏ’, ‘బీ’ అను రెండు గుర్తులు ఉండవచ్చును. వీటిని ప్రతిజనకములందురు. ‘ఏ’ మాత్రమే ఉన్నచో ఏ గ్రూపు, ‘బీ’ మాత్రమే ఉన్నచో బీ గ్రూపు, రెండును ఉన్నచో ఏబీ, రెండును లేనిచో ఓ గ్రూపు. మనలో లేని గుర్తును శరీరము శత్రువుగా భావించును. పుట్టిన కొన్ని నెలలకే దానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకములను ప్లాస్మాలో తయారుచేసికొనును. ఏ గ్రూపు వానికి బీ రక్తమును ఎక్కించినచో, ఆ ప్రతిరక్షకములు వచ్చిన కణములను క్షణములలో పట్టి పగులగొట్టును. పగిలిన కణముల నుండి వెలువడిన పదార్థము మూత్రపిండములను దెబ్బతీయును. ప్రాణమే పోవచ్చును.

ఎర్రకణములను ఎక్కించునప్పుడు ఓ వారు అందరికిని ఇవ్వగలరు, ఏబీ వారు అందరి నుండియు పుచ్చుకొనగలరు. ఇంతవరకు చాలమందికి తెలిసినదే. ప్లాస్మా విషయమున లెక్క తలక్రిందులగును. ప్లాస్మాలో ఉండునవి ప్రతిరక్షకములు గదా! కావున ఏబీ వారి ప్లాస్మా అందరికిని పనికివచ్చును. ఓ వారి ప్లాస్మా ఓ వారికే. “నాది ఓ గ్రూపు, ఎవరికైనను ఏదైనను ఇవ్వగలను” అనుకొనుట సగము సత్యమే.

ఇక రెండవ గుర్తు ఆర్‌హెచ్. దీనిని 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ ప్రకటించిరి. ఇది ఉన్నచో పాజిటివ్, లేనిచో నెగెటివ్. మన దేశమున నూటికి సుమారు ఐదుగురు నెగెటివ్ వారు. ఆడపిల్లలు గల ఇండ్లలో ఈ భాగమును శ్రద్ధగా చదువవలెను.

తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయినచో బిడ్డ పాజిటివ్ కావచ్చును. మొదటి కాన్పు సాధారణముగా క్షేమముగానే జరుగును. కాని ప్రసవ సమయమున బిడ్డ రక్తకణములు కొన్ని తల్లి రక్తములో ప్రవేశించి, ఆమెలో ప్రతిరక్షకములను పుట్టించును. రెండవ గర్భమున అవి మాయను దాటిపోయి బిడ్డ రక్తకణములను నాశనము చేయును. బిడ్డకు తీవ్రమైన రక్తహీనత, కామెర్లు కలుగును. ఒక్కొక్కప్పుడు గర్భములోనే మరణించును. పూర్వము “మొదటి బిడ్డ తప్ప ఆమెకు బిడ్డలు దక్కరు” అని ఎందరు తల్లులను నిందించిరో! వారిలో కొందరి పాపము ఈ చిన్న గుర్తుదే.

దీనికి నివారణ కలదు. గర్భము 28 వారములప్పుడు ఒకసారి, బిడ్డ పాజిటివ్ అని తేలినచో ప్రసవమైన 72 గంటలలోగా మరొకసారి ‘యాంటీ-డి’ ఇంజెక్షను ఇచ్చెదరు. గర్భస్రావమైనప్పుడు సైతము ఈ ఇంజెక్షను విషయమై వైద్యుని తప్పక అడుగవలెను. చాలమంది మరచునది ఇక్కడనే. ప్రతిరక్షకములు ఒకసారి పుట్టిన తరువాత ఈ మందు పనిచేయదు. ఏ కషాయము, ఏ లేహ్యము దీనికి బదులు కాజాలదని మా పత్రిక పాఠకులకు స్పష్టముగా మనవి చేయుచున్నాము. భార్యాభర్తలది ఒకే గ్రూపు అయినచో సంతానమునకు కీడు అను మాట మాత్రము వట్టి అపోహ.

మన దేశమునకు ప్రత్యేకముగా సంబంధించిన వింత మరియొకటి కలదు. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన సహచరులు ఒక అరుదైన రక్తవర్గమును వెల్లడించిరి. ఏ, బీ గుర్తులకు పునాదియైన ‘హెచ్’ అను పదార్థమే వీరి కణములపై ఉండదు. సాధారణ పరీక్షలో ఓ గ్రూపు వలె కనబడును. కాని ఓ రక్తము వీరికి విషము. బాంబే గ్రూపు వారి రక్తమే కావలెను. తల్లిదండ్రులిద్దరి నుండియు ఈ లక్షణము సంక్రమించిననే బయటపడును గనుక, మేనరికములు గల కుటుంబములలో దీని అవకాశము ఎక్కువ. ఇంటిలో ఒకరికి ఉన్నచో తోబుట్టువులందరును పరీక్ష చేయించుకొనవలెను. వారిలో ప్రతి ఒక్కరికిని ఇది ఉండుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. ‘ఓ’ అని వ్రాయబడిన తల్లికి ఏబీ బిడ్డ పుట్టినచో ఆమెను అనుమానించుటకు ముందు ఈ పరీక్ష చేయించుట న్యాయము.

గ్రూపు ఒకటే అయినను, రోగి రక్తమును దాత రక్తముతో కలిపి చూచు క్రాస్ మ్యాచింగ్ పరీక్ష తప్పనిసరి. ఆలస్యమగుచున్నదని తొందరపెట్టకుడు. నిజమునకు ప్రాణాపాయములు పరీక్షల లోపము కంటె ఒకరి సంచి మరొకరికి తగిలించు పొరపాటు వలననే ఎక్కువగా కలుగును. కావున సంచిపై పేరు, గ్రూపు, నంబరు రోగి కాగితములతో సరిపోవుచున్నవో లేదో మీరును చూడవచ్చును. ఎక్కించుట ఆరంభమైన మొదటి పావుగంట రోగి ప్రక్కనే ఉండుడు. చలి, జ్వరము, నడుమునొప్పి, ఆయాసము, సూది ఉన్నచోట మంట, మూత్రము ఎర్రబడుట కనిపించినచో వెంటనే నర్సును పిలిచి ఆపించవలెను.

ఇక ఇచ్చువారి సంగతి. 18 నుండి 65 సంవత్సరముల వయస్సు, కనీసము 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తదానము చేయవచ్చును. బరువును బట్టి 350 లేక 450 మిల్లీలీటర్లు తీయుదురు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చును. డబ్బు పుచ్చుకొని రక్తమమ్ముట సుప్రీంకోర్టు తీర్పును అనుసరించి 1998 జనవరి 1 నుండి మన దేశమున నిషిద్ధము. ఇచ్చిన ద్రవభాగము ఒకటి రెండు రోజులలోనే తిరిగి ఊరును. కణములు నిండుటకు కొన్ని వారములు పట్టును. ఇక్కడ మన వంటిల్లు అక్కరకు వచ్చును: మునగాకు, తోటకూర, రాగులు, నువ్వులు బెల్లము కలిపిన ఉండలు తినవలెను. వాటితోపాటు ఉసిరిక పచ్చడియో నిమ్మరసమో పుచ్చుకొన్నచో అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనము వెంటనే కాఫీ, టీలు మాత్రము ఆ ఇనుమును అడ్డగించును గనుక వాటిని గంటసేపు వాయిదా వేయవలెను.