పాలు మరిచాకే లెక్కలోకి

హంపి పక్క కమలాపురంలో జంతు ఉద్యానం వచ్చాక ఆ కొలువులో చేరుతున్న మన బళ్ళారి పిల్లల కోసం, మృగాల మధ్యే తల నెరిసినవాడిగా ఈ నాలుగు మాటలు.

1. జత కట్టే ముందు వంశం చూడండి. 1951లో రీవాలో పట్టుకున్న మోహన్ అనే తెల్లపులి సంతానాన్ని దగ్గరి రక్తంలోనే కలుపుతూ పోయారు. మెల్లకన్ను మొదలు ఎన్నో లోపాలు వచ్చిపడ్డాయి. సర్కస్‌ల నుంచి విశాఖ, తిరుపతి చేరిన సంకర సింహాలకు పిల్లలు వద్దన్నదీ వంశం కలుషితం కాకూడదనే.

2. ఎవరితో ఎవరిని ఉంచాలన్నది మృగాన్ని బట్టి మారుతుంది. అక్బరు దగ్గర వందల చీతాలుండేవి. అయినా అక్కడ పుట్టినవి ఒక్క ఈతే అని జహంగీర్ రాసుకున్నాడు. మళ్ళీ బోనులో చీతా పిల్లలు కళ్ళు తెరిచింది 1956లో, ఫిలడెల్ఫియాలో. ఆడ చీతా ఒంటరిది, ఎద సమయంలో తప్ప మగదాన్ని దగ్గరికి రానివ్వదు. వేరువేరుగా ఉంచి, ముందు వాసన అందనిచ్చి, ఆపైన కలపాలి. విశాఖ జూలో పెంచే రేచుకుక్కల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. గుంపులో సాధారణంగా ఒక జంటే పిల్లల్ని పెడుతుంది, తక్కినవన్నీ మాంసం కక్కి ఆ పిల్లల్ని మేపుతాయి. గుంపు చెదిరితే ఈత పోయినట్టే.

3. ఈనే గది చీకటిగా, ఇరుకుగా ఉండాలి. పులి చూలు సుమారు 103 రోజులు. ఆ లెక్క వేసుకుని ముందే గడ్డి పరచండి, మన ఎండలకు తడి గోనెపట్టాలు కట్టండి. ఈనాక అలవాటైన మనిషి ఒక్కడే వెళ్ళాలి, చూపు కెమెరాతోనే. తలుపు దగ్గర చెవి పెడితే తెలుస్తుంది: పాలు అందిన కూనలు చప్పుడు చేయవు, ఆకలిగా ఉన్నవి ఆగకుండా కీచుమంటాయి. తల్లి ఒక కూనను నోట కరుచుకుని ఇటూ అటూ తిరుగుతుంటే దాన్ని ఎవరో బెదరగొట్టారన్నమాట. పెద్ద అధికారి వచ్చినా సరే, వెనక్కి పంపండి.

4. ఎముక లేని మాంసం పెట్టకండి, సున్నం చాలదు. వారానికో పస్తు పాలిచ్చే తల్లికి వద్దు.

5. అడవిలో ఎక్కువ దూరం తిరిగే జాతులే బోనులో ఎక్కువ పిల్లల్ని పోగొట్టుకుంటాయని 2003లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తేల్చారు. తోడేలు అలా తిరిగేదే. గంగావతి దగ్గర బంకాపురంలో దానికంటూ అభయారణ్యమే ఉంది. ఆ బంజర్లు మిగిలినంతకాలం అక్కడి తోడేలును పట్టి తెచ్చి జత కట్టవద్దని పైవాళ్ళకు చెబుతూనే ఉన్నాను. మీరూ చెప్పండి.