కందెలోరా: వెలుగును మోసే పండుగ

ఫిబ్రవరి 2వ తేదీన మన దేవాలయాలలో క్రొవ్వొత్తులను ఆశీర్వదించి, వెలిగించి, ప్రదక్షిణగా వెళ్తాము. క్రీస్తు జయంతి మొదలు నలుబదవ రోజున వచ్చే ఈ బాలయేసు సమర్పణ పండుగను ఇటలీ ప్రజలు 'కందెలోరా' అని పిలుస్తారు. ఈ చిన్న మాటలో మన కుటుంబాలకు ఒక పాఠం ఉన్నది.

ఇటాలియన్ భాషకు తల్లి లాటిన్. లాటిన్‌లో 'కందేలా' అంటే క్రొవ్వొత్తి. 'క్రొవ్వొత్తుల' అనడానికి వ్యాకరణ ప్రకారం 'కందెలారుం' అనాలి. సామాన్య జనుల నోట అది 'కందెలోరుం' అయింది. కాలక్రమంలో చివర అరిగి 'కందెలోరా'గా నిలిచింది.

'కందేలా'కు మూలం 'కందేరే' అనే క్రియ. తెల్లగా ప్రకాశించడం అని దాని అర్థం. మన చంద్రుని పేరులోని 'చంద్ర' అనే సంస్కృత పదం కూడ దీనికి బంధువేనని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. 'క్రొవ్వొత్తి' అనే మన మాట ఆ వస్తువు దేనితో తయారైనదో చెబుతుంది. లాటిన్ మాట అది ఏమి చేస్తుందో చెబుతుంది.

ఇదే మూలం నుండి 'కందిదుస్' అనే మాట పుట్టింది. అంటే మెరిసే తెలుపు. పూర్వం రోములో పదవులు కోరేవారు సుద్దతో తెల్లబరచిన వస్త్రాలు ధరించి ప్రజల ముందుకు వచ్చేవారు. వారిని 'కందిదాతుస్' అనేవారు. ఎన్నికలలో మనం వినే 'క్యాండిడేట్' ఆ మాటే!

ఇప్పుడు మన జ్ఞానస్నానాన్ని జ్ఞాపకం చేసుకుందాం. బిడ్డకు తెల్లని వస్త్రం ఇస్తారు. పాస్కా క్రొవ్వొత్తి నుండి వెలిగించిన క్రొవ్వొత్తిని బిడ్డ పక్షాన పెద్దల చేతికిస్తారు. తెలుపు, వెలుగు: రెండు గురుతులకూ లాటిన్‌లో వేరు ఒక్కటే. తెల్లని వస్త్రం ధరించినవాడు వెలుగు నివ్వవలసినవాడు కూడ.

వృద్ధుడైన సిమియోను బాలయేసును చేతులలోనికి తీసుకొని, సకల జనులకు వెలుగుగా గుర్తించాడు (లూకా 2:28-32). ఆయన మోసిన వెలుగునే జ్ఞానస్నాన దినాన తల్లిదండ్రుల చేతిలో, జ్ఞాన తల్లిదండ్రుల చేతిలో పెట్టారు. ఆరకుండ కాపాడమని వారికి అప్పగించారు.

ఆనాటి క్రొవ్వొత్తి మన ఇంట ఇప్పుడు ఎక్కడున్నది? పెట్టె అడుగున ఉంటే వెదకి తీయండి. బిడ్డ జ్ఞానస్నాన దినం ప్రతి ఏటా వచ్చినప్పుడు దానిని వెలిగించి, ఇంటిల్లిపాది కలిసి ప్రార్థించండి. వత్తి చిన్నదైనా ఫరవాలేదు. మాట నేర్పే పాఠం అదే: వెలిగినప్పుడే అది 'కందేలా'.