ఎన్ని నిమిషాలకో బండి?

చిరంజీవి బుజ్జికి,

నగర శివార్లకు లోకల్ రైలు వేసే పథకంలో నీకు పని దొరికిందని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. డీపీఆర్ (పథకం సమగ్ర నివేదిక) రాసే బృందంలో ముందుగా ఏం చూడాలో రాయమన్నావట. రైల్వే కంట్రోల్ ఆఫీసులో బండ్లు నడిపించినవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఇలాంటి పథకం ఎక్కడైనా మ్యాపుతోనే మొదలవుతుంది. ఇక్కణ్ణుంచి అక్కడికి ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని స్టేషన్లు, ఇన్ని కోట్లు అంటూ లెక్కలు సాగుతాయి. నువ్వు మాత్రం టైంటేబుల్‌తో మొదలుపెట్టు తల్లీ. పొద్దున ఎనిమిదింటికి ప్లాట్‌ఫారం మీదికొచ్చిన మనిషికి తర్వాతి బండి ఎన్ని నిమిషాల్లో వస్తుంది? అది తేలాకే పట్టాలెన్ని కావాలి, సిగ్నళ్లు ఏ రకం, రేకులెన్ని, అంటే పెట్టెలన్నీ కలిపి కట్టిన బండ్లెన్ని అన్నవి తేలతాయి. పది నిమిషాలకో బండి ఉంటే జనం గడియారం చూడకుండా స్టేషన్‌కి వచ్చేస్తారు. గంటకొకటైతే బైకు తాళం తీస్తారు.

మన హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ సంగతే చూడు. 2003 ఆగస్టు 9న ప్రారంభమైంది. ఖర్చు రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే చెరిసగం భరించాయి. సికింద్రాబాద్, నాంపల్లి, లింగంపల్లి, ఫలక్‌నుమాల మధ్య ఎక్కువ భాగం అప్పటికే ఉన్న పట్టాలనే వాడుకున్నారు. భూసేకరణ గొడవ పెద్దగా లేకుండా, తక్కువ డబ్బుతో ఒక మహానగరానికి లోకల్ రైలు వచ్చింది. అది మంచి ఆలోచనేనని ఇప్పటికీ వాదిస్తాను. కానీ లింగంపల్లి మీదుగా పోయేది వాడి, ముంబై దారి. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ ఆ పట్టాల మీదే పోవాలి. లోకల్ అక్కడ అద్దెకున్నట్టే లెక్క. ఇంటివాళ్లకు పని పడితే తాను పక్కకు జరగాలి.

ఎంత జరగాలో కాగితం మీద గీసి చూడు. కంట్రోలర్ ముందుండే చార్టులో అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు ఉంటాయి. ప్రతి బండీ ఒక ఏటవాలు గీత. వేగంగా పోయే బండి గీత నిటారుగా లేస్తుంది, ఆగి ఆగి పోయేది వాలుగా పడుకుంటుంది. పది స్టేషన్లలో ఆగే లోకల్‌కు 45 నిమిషాలు, ఎక్కడా ఆగని ఎక్స్‌ప్రెస్‌కు 30 నిమిషాలు పడుతుందనుకో. లోకల్‌ను 8:00కి వదిలావు. ఎక్స్‌ప్రెస్‌ను 8:15 లోపు వదిలితే దారిలోనే లోకల్ వెనక్కి వచ్చి పడుతుంది. రెండు బండ్ల మధ్య ఉండాల్సిన ఎడం కూడా కలిపితే 8:20 దాకా ఆపాలి. దాని వెనక మళ్లీ లోకల్ 8:25కి. అంటే పది నిమిషాలకో లోకల్ నడపగలిగిన లైనులో, ఒక్క ఎక్స్‌ప్రెస్ కోసం 8:10 బండి పోయింది, 8:20 బండి ఐదు నిమిషాలు వెనక్కి జరిగింది. అలా వద్దనుకుంటే లోకల్‌ను మధ్యలో స్టేషన్ పక్కనుండే లూప్ లైనులోకి పంపి నిలబెట్టాలి. లోపలున్నవాళ్లకు బండి ఎందుకు ఆగిందో తెలియదు, ఆఫీసులో ఆలస్యం పడటం మాత్రం తెలుస్తుంది. ఉదయం రెండు గంటలూ, సాయంత్రం రెండు గంటలూ ఈ గీతలన్నీ నీ చేత్తో నువ్వే గియ్యి. సాఫ్ట్‌వేర్ గీసిపెడుతుంది, కాదనను. కానీ చేత్తో గీస్తే ఏ స్టేషన్ దగ్గర ముడి పడుతోందో మనసుకెక్కుతుంది.

ముంబైలో లోకళ్లు అంత దగ్గర దగ్గరగా నడుస్తున్నాయంటే, అక్కడ స్లో లైన్లు వేరు, ఫాస్ట్ లైన్లు వేరు. మీ మార్గంలో మూడో పట్టాకీ నాలుగో పట్టాకీ చోటుందా అని ఇప్పుడే కొలిపించు. ఇవాళ వేసే డబ్బు లేకపోయినా సరే, ఆ భూమినైనా రాసిపెట్టుకోమని రిపోర్టులో గట్టిగా చెప్పు. పక్కన అపార్ట్‌మెంట్లు లేచాక పది మీటర్లు కూడా దొరకవు. ఆటోమేటిక్ సిగ్నళ్లు కూడా అడుగు. పాత బ్లాకు పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒక దిశలో ఒక్క బండే ఉండాలి. ఆటోమేటిక్‌లో మధ్యలో సిగ్నళ్లుంటాయి కాబట్టి ఒకదాని వెనక ఒకటి పోతాయి.

రేకుల లెక్క సులువు. వెళ్లడానికి గంట, రావడానికి గంట, రెండు చివర్లా పదేసి నిమిషాల విరామం అనుకుంటే మొత్తం 140 నిమిషాలు. ఇరవై నిమిషాలకో బండి కావాలంటే 7 రేకులు, మరమ్మతుకు పోయేవాటికి బదులుగా ఇంకొకటో రెండో. ఈ స్పేర్లను ఖర్చు తగ్గించే పేరుతో కొట్టేస్తారు. ఒప్పుకోకు. ఒక రేకు చెడిపోయిన రోజున రద్దయ్యేది జనం బండే.

లెవెల్ క్రాసింగ్ గేట్లను తేలిగ్గా తీసుకోకు. గేటు పడితే తప్ప సిగ్నల్ ఇవ్వని ఏర్పాటు ఉంటుంది. రోడ్డు మీద వాహనాలు కదలకపోతే గేటు పడదు, గేటు పడకపోతే రైలు కదలదు. రోజుకు పోయే రైళ్ల సంఖ్యను వాహనాల సంఖ్యతో గుణిస్తే వచ్చేదాన్ని టీవీయూ అంటారు. అది ఎక్కువగా ఉంటే రైల్వే, రాష్ట్రం కలిసి ఖర్చు భరించే పద్ధతిలో వంతెన అడగొచ్చు. మీరు లోకళ్లు పెంచితే ఆ లెక్కా పెరుగుతుంది కాబట్టి వంతెనల ఖర్చు మొదటి అంచనాలోనే వెయ్యి.

డబ్బు, భూమి విషయంలో ఎంఎంటీఎస్ రెండో దశ కథ చదువు. 2012-13లో మంజూరైంది, అంచనా 816 కోట్ల పైమాటే. మూడింట రెండు వంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. సనత్‌నగర్–మౌలాలి మధ్య రక్షణ శాఖ భూముల దగ్గర చిక్కుపడింది. మేడ్చల్ వైపు సర్వీసులు 2023 ఏప్రిల్‌లో వచ్చాయి, ఘట్‌కేసర్–లింగంపల్లి బండి 2024 మార్చిలో. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా అనుకున్న లైను ఉందానగర్ దగ్గరే ఆగింది. ఈలోగా 2017లో మెట్రో వచ్చేసింది, మంజూరు నుంచి సర్వీసులు వచ్చేదాకా గడిచిన పదేళ్లలో ఆ లైన్ల చుట్టుపక్కల స్థిరపడ్డవాళ్లు సొంత వాహనాలు కొనుక్కుని వాటికే అలవాటుపడ్డారు. ఏ సంవత్సరం ఎవరెంత ఇవ్వాలి, ఏ భూమికి ఎవరి సంతకం కావాలి అన్నది ఒప్పందంలో రాయించకుండా శంకుస్థాపనకు ఎవరూ తొందరపడకూడదు.

ఇక ఒక సాయంత్రం హైటెక్ సిటీ స్టేషన్ బయట నిలబడు. స్టేషన్ పేరులో హైటెక్ సిటీ ఉన్నా సైబర్ టవర్స్ అక్కడికి నడిచిపోయేంత దగ్గర కాదు. రైలుకు అయిన ఖర్చుకు ఎన్నో రెట్లు షేర్ ఆటోకు ఇచ్చి వచ్చేవాళ్లు కనబడతారు. ఎంఎంటీఎస్‌లో కనీస టికెట్ 5 రూపాయలే. స్టేషన్ ముందు సిటీ బస్సు ఆగే చోటు, మంచి ఫుట్‌పాత్, వీధి దీపాలు నీ డ్రాయింగులోనే ఉండాలి. ఆ పని మునిసిపాలిటీదంటారు, అయినా గీసిపెట్టు.

సర్వేలో ఆఫీసు వేళలే లెక్కపెట్టి వదిలెయ్యకు. ఇళ్లల్లో పనికి వచ్చే ఆడవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు, షాపుల్లో రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించే కుర్రాళ్లు వేరే వేళల్లో తిరుగుతారు. రాత్రి ఇంటికి చేర్చే ఆఖరి బండి నమ్మకంగా లేకపోతే వాళ్లు పొద్దున బండి కూడా ఎక్కరు. ఆఖరి బండి ఖాళీగా పోతోందని దాన్ని తీసేస్తే ఉదయం బండిలో కూడా జనం తగ్గుతారు.

రిపోర్టు మొదటి పేజీలో కిలోమీటర్ల కంటే ముందు, రద్దీ వేళలో ఎన్ని నిమిషాలకో బండి, ఆఖరి బండి ఎన్నింటికి అన్న రెండు సంగతులు రాయించు. పైవాళ్లు కొట్టేస్తే మళ్లీ రాయి. నీ చార్టు గీయడం పూర్తయ్యాక పండక్కి వచ్చేటప్పుడు వెంట తీసుకురా. ఇద్దరం కూర్చుని ఏ బండి ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం.

ఇట్లు,
మామయ్య