చంద్రునిమీదికి వెళ్లుట బాబెలు గోపురమా?

పాఠ్యభాగములు: ఆదికాండము 11:1–9, కీర్తన 115, యిర్మీయా 10:1–5



2023 ఆగస్టు 23 సాయంకాలము చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగినది. ఆ తరువాతి ఆదివారము బెంగుళూరులోని ఒక తెలుగు సంఘములో సండే స్కూలు పిల్లలు దానిని గూర్చి అడుగగా, పాఠము చెప్పుచున్న సహోదరుడు, "అది మరియొక బాబెలు గోపురము. మనకిచ్చినది భూమి. ఆకాశము జోలికి పోరాదు" అని చెప్పి ముగించెను. విన్నవారిలో ఒక చిన్నదాని తండ్రి పీణ్యాలోని ఒక షెడ్డులో లేత్ మిషను మీద పనిచేయును. రాకెట్లకు వెళ్లు చిన్న చిన్న భాగములు అక్కడ తయారగును. ఆ పిల్ల ఇంటికి వెళ్లి, "నాన్నా, నువ్వు చేసేది పాపమా?" అని అడిగినది. తరువాత మూడు వారములు ఆ కుటుంబము ఆరాధనకు రాలేదు. కనుక ఈ నెల మనము ఈ సంగతినే వాక్యపు వెలుగులో చూతము.

ఈ అభ్యంతరము కొత్తది కాదు. 1969 జులై 20న అపొల్లో-11 చంద్రునిమీద దిగిన దినములలో మనలో పెద్దవారు కొందరు ఇదే మాట విన్నవారే. అందుకు చూపు ఆధారము 115వ కీర్తన 16వ వచనము. ఆకాశము దేవునిదనియు, భూమి నరులకు అప్పగింపబడినదనియు దాని భావము. అయితే ఒక్క వచనమును పెకలించి తెచ్చి సరిహద్దు రాయివలె పాతుట న్యాయమా? కీర్తనను మొదటినుండి చదువుడి. మనుష్యులు చేసికొన్న బొమ్మలకును, సమస్తమును ఏలు దేవునికిని గల భేదమే అక్కడి సంగతి. భూమియు ఆయనదేనని 24వ కీర్తన చెప్పుచున్నది గదా! ఆయనదైన భూమిని మనము దున్నుచున్నాము, బావులు త్రవ్వుచున్నాము. ఇక ఆకాశములోనికి పోరాదను సహోదరుడు ముంబయి నుండి చెన్నైకి విమానమెక్కినప్పుడు, ఎంత ఎత్తువరకు తన భాగమో ఎవరు కొలిచి చెప్పుదురు?

బాబెలును గూర్చి మరికొంత నిదానముగా ఆలోచింపవలెను. ఆ జనుల తప్పు ఇటుకలు కాల్చుటలో లేదు, ఎత్తుగా కట్టుటలోను లేదు. తమకు పేరు కావలెననిరి. చెదరిపోకుండ ఒక్కచోటనే ఉండవలెననిరి. భూమిని నింపుడని నోవహు కుటుంబమునకు దేవుడు చెప్పిన మాటకు (9వ అధ్యాయము) అది ఎదురు తిరుగుట. తాతల కాలమున బండ్లమీదను రైళ్లమీదను బయలుదేరి రాయగడకును, షోలాపూరుకును, కోలారు గనులకును చెదరిన మనము ఈ భాగమును ఇతరులకంటె బాగుగ గ్రహింపవలెను. ఉన్నచోటు విడిచి తెలియని చోటికి పోవుట బాబెలు పాపము కాదు. పోనొల్లక పోవుటయే దానిలోని పాపము.

అట్లని అంతరిక్ష కార్యక్రమములో గర్వము లేదని మేము చెప్పము. అమెరికా, సోవియట్ దేశములు పోటీపడి పరుగెత్తినది చాలవరకు పేరు కొరకే. ఆ పరుగును ప్రశ్నించిన ఒక బాప్తిస్టు పాదిరిగారిని మనము మరువరాదు. మార్టిన్ లూథర్ కింగ్ గారి సహచరుడైన రాల్ఫ్ అబెర్నతీ గారు 1969 జులై 15న, అనగా అపొల్లో-11 బయలుదేరుటకు ముందు దినమున, బీద కుటుంబములను వెంటబెట్టుకొని, కంచరగాడిదలు లాగు బండితో కేప్ కెన్నడీకి వచ్చిరి. ఇన్ని కోట్లు ఆకాశములోనికి పంపు దేశము ఆకలిగొన్న పిల్లలకు అన్నము ఎందుకు పెట్టలేకున్నదని వారి ప్రశ్న. నాసా అధిపతి థామస్ పెయిన్ గారు వెలుపలికి వచ్చి వారిని కలిసికొనిరి. రేపు మీట నొక్కకుండుటవలన బీదరికము తీరునట్లయితే నొక్కకయే ఉందుమని చెప్పిరి. వ్యోమగాముల క్షేమము కొరకు ప్రార్థింపుమని కోరిరి. అబెర్నతీ గారు ప్రార్థింతుననిరి. ఆ కుటుంబములలో కొందరికి ప్రయోగము చూచుటకు చోటు కూడ ఇయ్యబడినది. ఆకాశము నిషిద్ధమని ఆయన అనలేదు, పొరుగువానిని గూర్చి అడిగిరి. మన దేశములోను ఆ ప్రశ్న అడుగుటకు మనకు హక్కున్నది. అడుగవలెను కూడ.

దానికిని వట్టి భయమునకును చాల దూరమున్నది. 1979 జులైలో స్కైలాబ్ పడునన్న వార్త మన ఊళ్లలో ఏమి చేసెనో ఆనాటివారికి జ్ఞాపకమే. కోళ్లను మేకలను కోసికొని తిన్నవారున్నారు, అప్పులు ఎగవేయవచ్చునని సంతోషించినవారును లేకపోలేదు. సుమారు 77 టన్నుల ఆ కేంద్రము జులై 11న విరిగి హిందూ మహాసముద్రములోను, ఆస్ట్రేలియా పడమటి భాగమున ఎస్పెరన్సు పరిసరములలోను పడినది. ఎవరికిని దెబ్బ తగలలేదు. ఆకాశపు గురుతులకు జడియవద్దని యిర్మీయా చెప్పిన మాట మనకు కంఠస్థమే, అయినను ఆ వారము మేమును పిల్లలను బయట పడుకోనియ్యలేదు. చదువుకొన్నవారికి సైతము ఈ జడుపు వదలదు: పి.ఎస్.ఎల్.వి. వరుసలో సి-12 తరువాత సి-14 వచ్చెను, 13 లేదు. మంగళవారము మంచిది కాదను మన ఇరుగు పొరుగువారికి ఒక మాట చెప్పవచ్చును. మంగళయాన్ 2013 నవంబరు 5న, మంగళవారము మధ్యాహ్నమే, శ్రీహరికోట నుండి లేచి, 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యను చేరినది.

క్రైస్తవులు అడ్డుపడక దారి ఇచ్చిన సంగతియు ఒకటున్నది. భూమి అయస్కాంత మధ్యరేఖ కేరళలోని తుంబా మీదుగా పోవుటచేత విక్రమ్ సారాభాయ్ గారు రాకెట్టు కేంద్రమునకు ఆ చోటు కోరిరి. అక్కడ మగ్దలేనే మరియమ్మ దేవాలయము, చుట్టు జాలరుల ఇండ్లు ఉండెను. తిరువనంతపురపు బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా గారు ఈ మనవిని ఆదివారము ఆరాధనలో ప్రజలముందుంచగా వారు ఒప్పుకొనిరని అబ్దుల్ కలాం గారు తరచు చెప్పెడివారు. 1963 నవంబరు 21న అక్కడినుండి మొదటి రాకెట్టు లేచెను. దానిని సిద్ధపరచినది ఆ దేవాలయములోనే. ఇండ్లు విడిచి పోవుట ఆ జాలరులకు తేలిక కాలేదని మనము తలంచవలెను.

బెంగుళూరు సహోదరుడు ఈ సంగతులన్నియు చదివిన తరువాత ఒక శనివారము పీణ్యాకు వెళ్లెను. పిల్ల తండ్రి చేతులు తుడుచుకొని వచ్చి, వ్రేలెడంత లోహపు ముక్కను ఆయన చేతిలో పెట్టి, "అన్నయ్యా, వెంట్రుకవాసి తేడా వచ్చినా దీన్ని పారేస్తాం. ఇది తప్పని మీరంటే నాకేం చెప్పాలో తెలియలేదు" అనెను. సహోదరుడు ఆ ముక్కను ఒకరోజు ఇమ్మని అడిగి తీసికొనిపోయి, మరుసటి దినము సండే స్కూలులో పిల్లలందరి చేతులకు ఇచ్చి చూపించెను. ఆ చిన్నది ముందు వరుసలో కూర్చొనియుండెను.